రొంటిలో నల్లమందు

ఈ మాట ఇన్నేళ్ళూ నాతోనే తిన్నది, నాతోనే పడుకున్నది. నాకు వచ్చిన అక్షరాలు కొన్నే. వాటితోనే రాస్తున్నాను. నీ ఇంట్లోనూ ఎదిగే పిల్లాడుంటే, నన్ను తిట్టుకుంటూనైనా చివరిదాకా చదువు.

మాది గుణుపురంలో చింతపండు టోకు వ్యాపారం. కొట్టు మా అబ్బాయి చూసుకునేవాడు. పద్నాలుగేళ్ళ మనవడు, బండి తోలే సుకురుతో గుడారి సంతకు వెళ్ళి సరుకు తెచ్చేవాడు. ఒక ఏడు వానల్లో వాడికి మన్నెం జ్వరం తగిలింది. డాక్టరిచ్చిన క్వినైను చేదని కక్కేసేవాడు. కక్కితే మందు దండగ, పడుకుంటే సంత దండగ. దండగంటే నాకు ఒళ్ళు మంట.

మోకాళ్ళ నొప్పికి నేను చాటుగా నల్లమందు వేసుకునేదాన్ని. రొంటిన దోపుకున్న ఆ డబ్బాలో వక్కపొడి ఉందనే ఇంట్లో అందరూ అనుకునేవారు. నల్లమందు తింటే జ్వరం దగ్గరకు రాదని మా పెద్దవాళ్ళ నమ్మకం. సంతనాడు కొంచెం బెల్లంలో పెట్టి వాడి నోట్లో వేశాను. ప్రతి సంతకూ వేశాను. వానలు వెళ్ళిపోయాయి. నేను ఆపలేదు. ఎందుకు? వాడు అలుపు లేకుండా ఇద్దరి పని చేస్తున్నాడనా? అవును, అందుకే.

ఒకరోజు వాడే వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"మామ్మా, సంత నేని రోజు కూడా ఒళ్ళు లాగేస్తంది. ఆ బెల్లం ముక్క నేకపోతే నిలబడనేకపోతన్నాను. మానీయాలనుంది. నాన్నకి సెప్పవా?"

"ఏటి సెప్పమంటావు? మామ్మ పెట్టిందనా? మగోడివి కావేటి? మానీ, అంతే!"

డబ్బా మూత బిగించేశాను. ఇక పెట్టలేదు. బెల్లంలో ఉన్నది నల్లమందని అప్పటికే పోల్చుకున్న వాడు సంతలోనే కొనుక్కోవడం మొదలుపెట్టాడు. చింతపండు మూట మీద తూగుతూ తండ్రికి దొరికిపోయాడు. కొట్టు స్తంభానికి కట్టి, బండి తాడుతో బాదాడు మా అబ్బాయి.

"ఎవులు నేర్పేర్రా నీకు? సెప్పు!"

వాడు నావైపు ఒక్కసారి చూశాడు. తల దించుకున్నాడు. చెప్తాడేమోనని భయపడుతూ నిలబడ్డ నేను, చెప్పడని తెలిసిన మరుక్షణం నోరు తెరిచాను.

"ఇంకెవులు? ఆ బండోడు సుకురే."

"నాను అప్పుడే అనుకున్నాను!" అన్నాడు మా అబ్బాయి. సుకురు పొగాకు తప్ప ఏమీ ఎరగడు. ఆ సాయంత్రమే వాణ్ణి పనిలోంచి తీసేశారు.

మనవణ్ణి చింతపండు గదిలో పెట్టి గొళ్ళెం వేశారు. లోపల వణుకు, విరేచనాలు, ఏడుపు. "ఏటి సెయ్యాలత్తా?" అని నా కాళ్ళ దగ్గర కూలబడింది కోడలు. అలవాటైన ఒంటికి అది ఒక్కసారిగా మాన్పిస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. చెబితే, ఎలా తెలుసని అడుగుతారు. డాక్టరును పిలుద్దామంది. ఊరంతా పాకుతుందని వద్దన్నాను. పరువు కోసమా? కాదు. డాక్టరు నెమ్మదిగా అడిగితే వాడు చెప్పేస్తాడని.

ఇప్పుడు వాడు రాయగడలో ఉన్నాడు. మానలేదు. పండక్కి వచ్చినా నా చేతిది ఏదీ తినడు. వాడి మీద నాకింకా కోపమే. ఆనాడు నా పేరు ఎందుకు చెప్పలేదు? చెప్పి ఉంటే నన్ను నాలుగు తిట్టి, వాడికి వైద్యం చేయించేవారు కదా! ఇంత ముసలిదాన్నయ్యాక కూడా తప్పు ఆ పిల్లాడి మీదికే తోస్తున్నాను, చూశావా?

ఎవరు నేర్పారని నీ పిల్లాణ్ణి అడిగితే, వాడి కళ్ళు ఎటు వెళ్ళాయో చూడు. మా అబ్బాయి తాడే చూశాడు.

నిన్న కూడా కోడలు సుకురును శపించింది. నేను పక్కనే కూర్చుని విన్నాను. అందుకే రాస్తున్నాను. సుకురు కాదు. బెల్లంలో పెట్టి తినిపించింది నేను.

రాసేశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది. డబ్బా మాత్రం రొంటిలోనే ఉంది.