మసెల్ నెక్ తాళంచెవి

ఉప్పు బాడవ మీదుగా చర్చికి వెళ్ళే రోడ్డు సగం నడిచేసరికి ఆర్లీథా మంగిన్ మోకాళ్ళు మొండికేశాయి. ఆటుకి నీళ్ళు వెనక్కి పోయి బురద బయటపడింది. అందులో చిన్న పీతలు, తమకేదో కొంపలంటుకున్నట్టు, అటూ ఇటూ పరుగెడుతున్నాయి. ఇంటి దగ్గర ట్రక్కుంది, అందులో బ్యాటరీ చచ్చింది. కొత్తది వేయించొచ్చు గానీ, వేయించిన రోజునే ఎవరో ఒకరు మీటింగుకి పిలుస్తారని ఆమె భయం. వేయించకపోయినా పిలిచారు. అందుకే నడక.

డెబ్బై దాటిన మనిషి. పీతలు ఒలిచే షెడ్డులో నిలబడి వయసంతా గడిపింది. వేళ్ళు ఇప్పటికీ పీత కాళ్ళలాగే వంకరగా ఉంటాయి. అమెరికాలో ఈ జార్జియా తీరంలో నల్లవాళ్ళ ఊళ్ళన్నిటికీ ఒకప్పుడు అంత్యక్రియల సంఘాలుండేవి. బతికున్నన్నాళ్ళూ తలా కాస్త వేసుకుని, పోయినవాడికి పెట్టె, పాట, వచ్చినవాళ్ళకి భోజనం లోటు లేకుండా చూసుకునేవాళ్ళు. బానిసత్వం పోయిన కొత్తల్లో ఆ మనుషులకి బీమా అదే, బ్యాంకు అదే, ప్రభుత్వమూ అదే. మసెల్ నెక్ అనే ఊరి సంఘంలో ఇప్పుడు మిగిలినవాళ్ళు ఒక్క కారులో పట్టేస్తారు. వాళ్ళకి ఆర్లీథా అధ్యక్షురాలు. పోటీ చేసి గెలిచింది కాదు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే సమాధుల తోటకి వెళ్ళిపోతే కుర్చీ ఆమె దగ్గర ఆగింది.

ఆ తోట ప్రభుత్వ గేటు లోపల ఉంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విమానాలు దిగడానికని మసెల్ నెక్ మొత్తం ఖాళీ చేయించారు. ఆర్లీథా తల్లి కోళ్ళగంప నెత్తిన పెట్టుకుని ఈ రోడ్డు మీదే నడిచొచ్చింది. యుద్ధం అయ్యాక తిరిగిస్తామన్నారు. ఇచ్చారు, కొంగలకి. పక్షుల కోసమని ప్రభుత్వ అడవి చేశారు. భూములు పోయిన కథలు ఏ దేశంలో విన్నా వరస ఒకటే. ముందు దేశం కోసం అంటారు, తరవాత ప్రజలందరి కోసం అంటారు. ఆ అందరిలో పోగొట్టుకున్నవాళ్ళు ఎందుకు లేరో మాత్రం ఎవరూ చెప్పరు. ఇప్పుడది ప్రజల అరణ్యం. ప్రజలు అందులో పడవలు వేసుకోవచ్చు, పిట్టల్ని చూడొచ్చు, చలికాలం జింకల్ని కాల్చుకోవచ్చు. మంగిన్‌లకి మాత్రం, పోయినవాళ్ళని అక్కడే పూడ్చుకోనిచ్చినా, అమ్మ సమాధి చూడాలంటే ముందు ఫోన్ చెయ్యాలి. హాస్కిన్స్ అనే అధికారికి తీరిక చిక్కాలి. ఆయనొచ్చి గేటు తీసి జీపులో కూర్చుంటే, ఆయన చూస్తుండగా ఏడ్చి రావాలి.

ఒక తాళంచెవి ఇవ్వండయ్యా అని ఆర్లీథా అడిగింది. ఆయన్నీ అడిగింది, ఆయనకి ముందు పనిచేసి పోయినవాళ్ళనీ అడిగింది.

"ఒకరికిస్తే అందరికీ ఇవ్వాల్సొస్తుంది, మిస్ ఆర్లీథా."

"ఆ గేటు లోపల అమ్మానాన్నల్ని పెట్టుకున్నవాళ్ళం మేం కాక ఇంకెవరున్నారు బాబూ?"

ఆయన టోపీ సర్దుకున్నాడు. మర్యాదస్తుడు. మర్యాదస్తుల్తోనే వచ్చింది చిక్కంతా, తిట్టడానికి కూడా వీలివ్వరు.

ఇప్పుడేమో ప్రభుత్వ భూముల్లో జాతుల సమానత్వం కోసమని ఒక కూటమి బయల్దేరింది. చర్చిల్ని, చేపలవాళ్ళని, కాలేజీ పిల్లల్ని, పిట్టల్ని చూసేవాళ్ళని కూడగడుతున్నారు. అంత్యక్రియల సంఘం కూడా చేరాలట. చేరితే రాజధానిలో జరిగే విచారణలో గేటు సంగతి తమ సంగతిగా అడుగుతారట. ఔనో కాదో ఈ మధ్యాహ్నం చర్చి హాల్లో చెప్పాలి. పొద్దున్నే చర్చి పెద్ద ఎజెల్ ఫోన్ చేశాడు.

"మళ్ళీ కొత్త పెళ్ళా, ఆర్లీథా? పోయిన కమిటీవాళ్ళు పంచిన టోపీల్లో మా బాతులు ఇంకా గుడ్లు పెడుతున్నాయి."

"నోరు మూసుకుని కుర్చీలు వెయ్యి."

"వేస్తాను. కూర్చునేవాళ్ళని నువ్వు పట్టుకురా."

ఔననాలనీ లేదు, కాదనాలనీ లేదు. మాట్లాడకుండా ఎక్కడైనా కూర్చోవాలని ఉంది. ఆమె రోడ్డు పక్క కంచె రాటకి ఆనుకుని మోకాలు రుద్దుకుంటుంటే, వెనక నుంచి ఒక వ్యాన్ వచ్చి ఆగింది. కిటికీలోంచి ఒక నల్ల మొహం నవ్వుతూ బయటికొచ్చింది.

"ఎక్కండమ్మా, ఎండలో ఏం నడుస్తారు! ఎక్కడికి?"

"చర్చి హాలుకి."

"మేమూ అక్కడికే. ఆగండాగండి, మీరు మిస్ ఆర్లీథా కాదు కదా? అయ్యో దేవుడా! నేను షరీస్ టాల్‌బర్ట్‌ని. ఫోన్లో మాట్లాడానే, కూటమి తరఫున!"

నలభై దాటిన మనిషి. అట్లాంటాలో పుట్టి పెరిగింది గానీ, అమ్మమ్మది ఈ తీరమేనని ఫోన్లో మూడు మాటలకోసారి చెప్పింది. వ్యాన్లో ఇంకో నలుగురైదుగురున్నారు, నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ. అందరి బూట్లకీ మట్టి, చేతులకి తొడుగులు, మొహాల్లో పుణ్యం చేసుకున్న అలసట. గ్రెగ్ అని, పని మానేసిన పళ్ళ డాక్టరు, ఆమెకి సీటిచ్చి ఉడకబెట్టిన వేరుశనగల సంచీ చేతిలో పెట్టాడు. ఆమె ఒకటి ఒలుచుకుంది. ఉప్పు సరిగ్గా ఉంది. మనసు కొంచెం మెత్తబడింది. ఔననేస్తే పోలా, అనుకుంది.

"మిమ్మల్ని ఆశ్చర్యపరుద్దామని ముందే చెప్పలేదు," అంది షరీస్ అద్దంలోంచి చూస్తూ. "పొద్దున్నుంచీ మీ సమాధుల తోటలోనే ఉన్నాం. అద్దంలా చేసేశాం!"

"గేటు ఎవరు తీశారు?"

"తాళంచెవి మాకే ఇచ్చేశారు హాస్కిన్స్ గారు. పోయేటప్పుడు ఆఫీసులో పడెయ్యమన్నారు. ఒక్క ఈమెయిల్ పెట్టానంతే."

ఆర్లీథా నమలడం ఆపింది.

వ్యాన్ గుంతలో పడి లేచింది. వెనక నల్ల సంచులు గలగలమన్నాయి.

"ఏంటవి?"

"చెత్త," అన్నాడు గ్రెగ్. "వేటగాళ్ళ పనయ్యుంటుంది. పగిలిన కప్పులు, మందు సీసాలు, పాడైన గడియారాలు. సిగ్గులేకుండా సరిగ్గా సమాధుల మీదే పారేశారు మేడమ్."

ఆర్లీథా వంగి దగ్గరున్న సంచీ మూతి విప్పింది. పైనే ఉంది తమ్ముడు రూబెన్ కాఫీ కప్పు. దాని మీద ట్రాక్టరు బొమ్మ సగం చెరిగింది. అడుగున, ఆమె తన చేత్తో మేకు పెట్టి కొట్టిన చిల్లు.

"బండి తిప్పు," అంది.

"ఏమైందమ్మా?"

"మా తమ్ముడి కప్పిది. పోయినవాడు ఆఖరుగా వాడిన వస్తువు వాడి దగ్గరే పెడతాం. పగలగొట్టి పెడతాం. పగలగొట్టకపోతే ఇంట్లో ఇంకొకడు వాడి వెంట పోతాడు. వేటగాళ్ళు కాదు, నేనే పెట్టాను."

కాంగో నది ఒడ్డున మొదలై, ఓడల అడుగున గొలుసుల మధ్య సముద్రం దాటొచ్చిన ఆచారమిది. దీని మీద చదువుకున్నవాళ్ళు లావుపాటి పుస్తకాలు రాశారు. ఓడ దాటి వచ్చిన ఆచారాన్ని ఒక చెత్త సంచీ ఒక్క పూటలో ఊడ్చేసింది, అదీ మంచి మనసుతో.

"మా అమ్మమ్మ ఎప్పుడూ చెప్పలేదు," అంది షరీస్, బండి వెనక్కి తిప్పుతూ.

"చెప్పదు. ఊరు వదిలినవాళ్ళు ముందు వదిలేసేది ఇలాంటివే."

గేటు దగ్గర షరీస్ దిగి తాళం తీసింది. ఇత్తడి తాళంచెవి, బొటనవేలంత లేదు. ఒక్క తిప్పుకి ఊడొచ్చింది తాళం. దీనికోసమేనా ఇన్నేళ్ళు అనిపించింది ఆర్లీథాకి. ఏనుగంతది ఊహించుకుంది కాబోలు.

తోట ఇప్పుడు హోటల్ ముంగిలిలా ఉంది. ఓక్ ఆకులు లేవు, సమాధుల మీద గవ్వలు లేవు, మట్టి మీద దువ్వినట్టు గీతలు. సంచులు విప్పి అన్నీ గుడ్డ మీద పరిచారు. లాంతరు బుడ్లు, పళ్ళేల ముక్కలు, మూత లేని చక్కెర డబ్బా, నీలం సీసాలు. అందరూ ఆమె వైపు చూశారు.

"ఇది ఎవరిది మేడమ్?" గ్రెగ్ ఒక పింగాణీ జగ్గు ఎత్తి పట్టుకున్నాడు.

ఆమె చాలాసేపు చూసింది. తెలుస్తుందనే అనుకుంది. తల్లి లాంతరు దొరికింది, రూబెన్ కప్పు చేతిలోనే ఉంది. అంతే. మిగతావి రోజూ చూసి చూసి, చూడ్డమే మానేసిన వస్తువులు.

"నాకు తెలీదు."

"మరి ఎవరికి తెలుస్తుంది?"

"పెట్టినవాళ్ళకి. వాళ్ళూ ఇక్కడే పడుకున్నారు, లేపి అడుగు."

గ్రెగ్ నవ్వబోయి మానేశాడు. ఆమె ఒక రాయి మీద కూలబడింది. కోపం రావాల్సిన చోట నిద్రలాంటిదేదో వచ్చింది.

"కనిపించిన చోట పెట్టండి. ఎవర్నీ ఉత్త మట్టితో మాత్రం ఉంచొద్దు."

వాళ్ళు పిల్లుల్లా అడుగులేస్తూ, పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టారు. షరీస్ వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

"మీరు కూటమిలో చేరనన్నా నేనేమీ అనుకోను."

"హాల్లో ఎజెల్ కుర్చీలు వేసుకుని ఎదురుచూస్తుంటాడు. సంఘం చేరిందని పోయి చెప్పు."

"ఇంత జరిగాక కూడానా?"

"నీ మీద ప్రేమ పుట్టుకొచ్చి కాదులేమ్మా. నేను గొంతు పోయేలా అడిగితే రానిది నీకు ఒక్క ఈమెయిలుకొచ్చింది. నీ దగ్గరున్న ఆ బలం నాకు కావాలి. విచారణకి నేనే వస్తాను, ఈ కథ నేనే చెప్తాను, చెత్త సంచులతో సహా. ఒప్పుకుంటావా?"

షరీస్ తల దించుకుంది. "ఒప్పుకుంటాను."

"అయితే ఆ తాళంచెవి ఇటివ్వు."

"అది సాయంత్రం ఆఫీసులో..." షరీస్ నీళ్ళు నమిలింది. "మీకిచ్చేస్తే హాస్కిన్స్ ఇంకెప్పుడూ మమ్మల్ని లోపలికి రానివ్వడు, మిస్ ఆర్లీథా."

"నేను రానిస్తాను."

"ఆయన అడిగితే?"

"నా దగ్గరుందని చెప్పు. ఇన్నేళ్ళూ నేను ఫోన్లు చేశాను. ఇక ఆయన చేస్తాడు."

వంకరపోయిన వేళ్ళున్న ఆ అరచెయ్యి ముందు చాచి ఉంది. షరీస్ వెనక్కి తిరిగి తన మనుషుల్ని ఒకసారి చూసింది. తరవాత తాళంచెవి అందులో పెట్టేసింది.

ఆర్లీథా లేచింది. రూబెన్ దగ్గరికి వెళ్ళి కప్పుని బోర్లించింది. చిల్లు ఆకాశం వైపు తిరిగింది. గౌను జేబులో తాళంచెవి పడేసుకుని, జేబు పైనుంచి ఒకసారి తడిమి చూసుకుంది.

"హాలు దగ్గర దించుతాను, ఉండండి!" షరీస్ లేచి చేతి తొడుగుల కోసం వెతుక్కుంటోంది.

ఆర్లీథా అప్పటికే గేటు దాటేసింది. బాడవలోకి పోటు మళ్ళీ ఎక్కుతోంది. మోకాలు పట్టుకుని, మధ్యమధ్య ఆగుతూ, ఇంటి వైపు నడిచిపోయింది.