హ్యాండ్సమ్ డిసీజ్

"సార్, మీ వేలు!" అని సిస్టర్ అరిచేదాకా నాకు తెలియలేదు.

హెర్నియా ఆపరేషన్ చివర్లో ఉన్నాం. కుట్లు వేస్తున్నాను. చూస్తే సూది నా ఎడమ చేతి చిటికెన వేలిలోకి దిగబడి ఉంది. గ్లవ్ ఎర్రబడింది. నొప్పి లేదు, చీమ కుట్టినట్టయినా లేదు. ఏళ్ల తరబడి కత్తి పట్టినవాణ్ణి, నా వేలిని నేనే కుట్టుకుంటూ తెలుసుకోలేకపోవడమేమిటి? "ఏం లేదు, కానివ్వండి" అని అందరినీ కసిరి, గ్లవ్, సూది మార్చి పని ముగించాను. తర్వాత నా గదిలోకి వెళ్లి, కళ్లు మూసుకుని, గుండుసూదితో పొడుచుకున్నాను. చిటికెన వేలు మొత్తం, ఉంగరం వేలు సగం చచ్చుబడి ఉన్నాయి.

మెడకు ఎంఆర్ఐ తీశారు. బాగుంది. చేతి నరాల పనితీరు చూసే ఎన్‌సీవీ పరీక్ష చేశారు. అల్నార్ నర్వ్, అంటే మోచేతి వెనక నుంచి చిటికెన వేలికి పోయే నరం, సరిగ్గా పనిచేయడం లేదన్నారు. ఎముకల డాక్టరు యాదగిరి నా క్లాస్‌మేట్. వాడు రిపోర్టు చూసి నవ్వాడు.

"మోచేతి కాడ నర్వ్ నొక్కుకపోయింది రా. తెరిచి జర సాపు చేస్తే అయిపాయె. ఫికర్ చెయ్యకు."

చేతికి మాత్రమే మత్తిచ్చారు. ఆకుపచ్చ గుడ్డకు ఇవతల నేను, అవతల వాడు. కాలేజీ రోజుల కబుర్లు చెబుతూ కోస్తున్నాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు. ఆపరేషన్ మధ్యలో సర్జన్ నోరు మూతపడిందంటే అర్థమేమిటో నాకు ఒకరు చెప్పాలా?

"ఏంట్రా?"

"నర్వ్ మస్తు లావుగుంది రా, తాడు లెక్క. పక్కన చిన్న నర్వ్ గూడ ఉబ్బింది. అండ్లకెల్లి ఒక ముక్క తీస్తున్న, బయాప్సీకి పంపుదం."

నరం అలా తాడులా లావెక్కే జబ్బు మన దేశంలో ముందుగా ఏది గుర్తుకొస్తుందో ఎంబీబీఎస్ పిల్లాడైనా చెబుతాడు.

చర్మవ్యాధుల మేడమ్ రిపోర్టు నా ముందు పెట్టి, "హాన్సెన్స్ డిసీజ్" అన్నారు. "ప్యూర్ న్యూరైటిక్ రకం. చర్మం మీద మచ్చ కనబడదు, నరంలోనే దాక్కుంటుంది. ఏడాది మందులు వాడండి, నయమవుతుంది. పోయిన స్పర్శ తిరిగొస్తుందని మాత్రం మాటివ్వలేను."

మా డాక్టర్లం దానికి ఇంగ్లీషు ముసుగు వేసి మాట్లాడతాం. తెలుగులో దాని పేరు కుష్ఠు. మా తెనాలి వైపు మా నాయనమ్మ ఆ మాట కూడా అనేది కాదు, గొంతు తగ్గించి "పెద్దజబ్బు" అనేది. నాకా? నాకు కుష్ఠా?

"రిపోర్టులు తారుమారయ్యాయేమో మేడమ్?"

"డాక్టరు గారూ, ఈ ప్రశ్న మీరెంతమంది నోట విని ఉంటారు?" అన్నారావిడ, మెల్లగానే.

ఇంటికెళ్లి నా భార్య సరళకు చెప్పాను. చెప్పి, నా కంచం, గ్లాసు, తువాలు తీసి విడిగా పెట్టుకున్నాను. మందు మొదలుపెట్టాక ఇతరులకు అంటదని నాకు తెలుసు. తెలిసినా పెట్టుకున్నాను. నేను సగం తాగి వదిలేసిన కాఫీ గ్లాసు బల్ల మీద ఉంది. ఆవిడ దాన్ని తీసుకుని గటగటా తాగేసింది.

"ఏమండీ, డాక్టరు చదివింది మీరా, నేనా? ఆ కంచం తెచ్చి ఎక్కడిదక్కడ పెట్టండి" అంది. వంటింటి గుమ్మానికి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

బయటివాళ్లకు మాత్రం "మెడ స్పాండిలోసిస్" అని చెప్పాం. నర్సింగ్ హోమ్‌లోనూ అదే చెప్పి, చికిత్స అయ్యేదాకా ఆపరేషన్లు మానుకున్నాను. మందులతో మూత్రం ఎర్రగా వచ్చేది, ఒళ్లు నల్లబడింది. "ఏం డాక్టరు గారూ, ఎండలో తిరుగుతున్నారా?" అని పక్కింటాయన అడిగితే, నీకెందుకయ్యా అందామని నోటిదాకా వచ్చేది.

ఆపదంతా తీరిపోతోందనుకుంటున్నప్పుడు జ్వరం, మోచేతిలో భరించలేని పోటు వచ్చాయి. "ఇది రియాక్షన్, చచ్చిన క్రిముల మీద ఒంటి తిరుగుబాటు. మందులు ఆపొద్దు, ప్రెడ్నిసొలోన్ స్టెరాయిడ్ కలుపుదాం" అన్నారు మేడమ్. దాంతో మొహం ఉబ్బింది. పోటు తగ్గేసరికి ఎడమ చేతి చివరి రెండు వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. దారం పట్టి ముడి వేయబోతే జారిపోయింది. మళ్లీ వేశాను, మళ్లీ జారింది. సర్జన్‌గా నా పని అయిపోయిందని ఆ రోజు తెలిసింది. దేవుణ్ణి, వైద్యాన్ని, యాదగిరిని, అందరినీ తిట్టాను.

తిట్లు తిన్న యాదగిరే ఆదివారం వచ్చి స్కూటర్ హారన్ కొట్టాడు. "ఏంది రా, ఇంట్ల కూసోని కోడిగుడ్లు పొదుగుతున్నవా? నడు!" మాదాపూర్ దాటాక అన్నీ రాళ్ల గుట్టలే. ఒకవైపు వాటిని పేల్చి హైటెక్ మేడలు లేపుతున్నారు, ఇంకోవైపు మేము మిగిలిన గుట్టలు ఎక్కేవాళ్లం. ఎప్పుడూ ఏసీ గదిలో దీపం కింద నిలబడినవాణ్ణి, ఎండలో బండ మీద కూర్చుంటే బతికే ఉన్నాననిపించింది. మందుల కోర్సు ముగిశాక వాడితోనే హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కి కూడా వెళ్లాను. అక్కడ గుడారం ముందు పొయ్యి మీది గిన్నెను ఎడమ చేత్తో దించాను. "రేయ్, చెయ్యి!" అని వాడు అరిచాక చూస్తే అరచేతి అంచున బొబ్బ. మళ్లీ అదే దిగ్భ్రాంతి. చర్మం చెప్పలేనిది కళ్లే చూసుకోవాలని నాకు అక్కడ బుద్ధొచ్చింది.

తిరిగొచ్చాక ఏం చేయాలి? ఊరంతా జావా, జావా అని కంప్యూటర్ కోర్సుల వెంట పరుగెడుతోంది. మాదాపూర్‌లో మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ నేర్పే సంస్థ ఒకటి పెట్టారు. అమెరికా డాక్టర్లు టేపుల్లో చెప్పిన కేసు వివరాలు ఇక్కడ విని టైపు చేయాలి. తల నెరిసినవాణ్ణి, నిజాంపేట హాస్టళ్ల పిల్లల పక్కన కూర్చుని కీబోర్డు నేర్చుకున్నాను. ఎడమ చిటికెన వేలి కిందే 'ఎ' అక్షరం! వంకర వేలు దాని మీద పడ్డదీ లేనిదీ తెలిసేది కాదు, తెర మీద చూసుకుంటే తప్ప. తిట్టుకుంటూనే నేర్చాను. పక్క పిల్లలకు జబ్బుల పేర్లు చెబుతుంటే విని, కొన్నాళ్లకు సంస్థవాళ్లు నన్నే మాస్టారుని చేశారు. అక్కడా "స్పాండిలోసిస్" అనే చెప్పాను.

ఒకరోజు హఫీజ్‌పేట్ నుంచి వచ్చే స్వరూప తను టైపు చేసింది పైకి చదివింది: "రూల్ అవుట్ హ్యాండ్సమ్ డిసీజ్."

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. అంతలోనే అసలు మాట ఏమిటో తట్టింది. "హ్యాండ్సమ్ కాదమ్మా, హాన్సెన్స్."

"అంటే ఏంది సార్?"

ఇంగ్లీషులో ఏదో నిర్వచనం చెప్పి తప్పించుకోవచ్చు. ఎన్నాళ్లని తప్పించుకోను? "కుష్ఠు" అన్నాను.

"ఛీ!" అంది స్వరూప.

"నాకొచ్చింది అదే. మెడనొప్పి కాదు, అబద్ధం చెప్పాను. మందులు వాడాను, నయమైంది. ఇదిగో, అది మిగిల్చిన వేళ్లు" అని చెయ్యి ఎత్తి చూపించాను. ఏమిటి ఇంత పని చేశాను? ఒకసారి పోయిన బతుకు మళ్లీ దొరికితే, దాన్నీ నా నోటితోనే పోగొట్టుకున్నాననుకున్నాను.

మర్నాడు అందరూ వచ్చారు, స్వరూప తప్ప. ఆ ఖాళీ కుర్చీ చూస్తూ పాఠం చెప్పలేకపోయాను. ఆ వారమంతా రాలేదు. సోమవారం తలుపు దగ్గర నిలబడింది. వెనక తలపాగా తీసి చేత్తో పట్టుకున్న పెద్దాయన.

"సార్, మా బాపు. కాలు మీద మచ్చ ఉంది, గిచ్చినా తెలుస్తలేదంట. ఎవలకు చెప్పొద్దని ఒట్టు పెట్టిండు. మీ సంగతి చెప్పి చెప్పి తోల్కొచ్చిన."

"మా సార్ చెయ్యి చూడు బాపు" అంది. ఆయన నా చెయ్యి చూడలేదు, పట్టుకున్నాడు.

ఇప్పుడు నేను పాఠాలు చెబుతున్నాను. రోజూ స్నానమయ్యాక చేతులు, కాళ్లు వెలుతురులో తిప్పి చూసుకుంటాను. చదివేవాళ్లకు చెప్పేది ఒక్కటే. ఒంటి మీద పాలిపోయిన మచ్చో, ఎప్పుడూ తిమ్మిరిగా ఉండే వేలో ఉంటే గిచ్చి చూడండి. తెలియకపోతే మరునాడే సర్కారు దవాఖానాకు వెళ్లండి. మందు ఉచితంగానే ఇస్తారు. ఆలస్యం చేస్తే మాత్రం పోయిన స్పర్శ తిరిగి రాదు, నా వేళ్లకు రానట్టే.

స్వరూప వాళ్ల నాన్న త్వరగా వచ్చాడు కాబట్టి ఆయన కాలికేమీ కాలేదు. మొన్న మందులు పూర్తయ్యాయని చెప్పడానికి మా ఇంటికొచ్చాడు. సరళ ఇచ్చిన కాఫీ తాగుతూ ఆ జబ్బు పేరెత్తడానికి కాసేపు తడబడి, కూతురి దగ్గర నేర్చుకున్న మాటే అన్నాడు.

"ఆ హ్యాండ్సమ్ జబ్బు పోయింది సార్."

నేను దిద్దలేదు.