దిండు మీద పందొమ్మిది లక్స్

1993వ సంవత్సరం. సంత్రాగాఛి దగ్గర ఒక రైల్వే క్వార్టర్ల కాలనీలో నేను ఎలక్ట్రికల్ ఛార్జ్‌మన్‌ని. వీధిదీపాలు, ఫ్యాన్లు, నీటి మోటార్ల నిర్వహణ చూసే పర్యవేక్షకుణ్ణి. ఆ మార్చి 22, సోమవారం నాడు పాత ట్యూబులైట్లు తీసి, 250 వాట్ల సోడియం వేపర్ దీపాలు పద్నాలుగు బిగించాం. ఏళ్ల తరబడి లోడ్ షెడ్డింగ్‌తో, లాంతర్లతో నెట్టుకొచ్చిన కాలనీ అది. పసుపు వెలుగు పడగానే జనం మిఠాయిలు పంచారు. స్తంభాల మీది దీపాలను ఇరవై డిగ్రీలు పైకెత్తి పెట్టించింది నేనే. అవి స్టేషనుకు కూడా కనబడాలని నా ముచ్చట.

ఏప్రిల్ 19న నారాయణమ్మ మా ఆఫీసుకు వచ్చింది. ఆమెది శ్రీకాకుళం వైపు. భర్త అప్పారావు గూడ్స్ రైలు డ్రైవరు.

“బాబూ, మా కిటికీ కాడి లైటు తీయించీండి.”

మా ఫిర్యాదుల రిజిస్టరులో దీపం వెలగడం లేదని, ఫ్యూజు పోయిందని రాయడానికి గడులున్నాయి. ఎక్కువగా వెలుగుతోందని రాయడానికి గడి లేదు.

“ఆరిన దీపానికైతే మందుంది. వెలిగే దీపానికి నన్నేం చెయ్యమంటావమ్మా?” అన్నాను.

“నవ్వండి బాబూ, నవ్వండి. మా ఆయన ఆరింటికి పడుకోవాల. పదింటికి కాల్‌మన్ ఒచ్చి తలుపు కొడతాడు. ఇరవై ఎనిమిది రోజులయ్యింది, కన్ను మూయనేదు. రేపు బండి మీద మూతపడితే ఏటవుతాది? ఎనకాల నలబై డబ్బాలుంటాయి!”

కాల్‌మన్ అంటే డ్యూటీ పుస్తకం పట్టుకుని డ్రైవర్ల ఇళ్లకు వెళ్లి, వాళ్లను లేపి సంతకం తీసుకునే ఉద్యోగి. వారం కిందట అప్పారావు, నిద్ర లేదు, బండి తీయలేనని తానే చెప్పి డ్యూటీ గది నుంచి తిరిగి వచ్చాడట. మళ్లీ అలా జరిగితే ఇక ఇంజను ఎక్కనివ్వరేమోనని ఆమె భయం.

ఆ సాయంత్రం ఏడింటికి లక్స్ మీటరు తీసుకుని వెళ్లాను. ఒక చోట ఎంత వెలుతురు పడుతోందో అంకెల్లో చూపే చేతి పరికరం అది. స్తంభం కింద రోడ్డు మీద పెడితే ఇరవై నాలుగు చూపింది. ‘దీపంలో లోపం లేదు’ అని రాసి పుస్తకం మూశాను.

మేడమెట్ల మీంచి నారాయణమ్మ గొంతు వినిపించింది. “ఏటి బాబూ, రోడ్డు మీద కొలుత్తన్నారు? మా ఆయన రోడ్డు మీద పడుకుంటాడేటి?”

మెట్లెక్కాను. ఒకటే గది, ఒకటే కిటికీ, దానికి ఎదురుగా నేను పైకెత్తించిన దీపం. కిటికీకి దుప్పటి కడితే వెలుతురుతోపాటు గాలీ ఆగిపోతోంది. అప్పారావు ఎర్రబడిన కళ్లతో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

“రండి బాబూ. నిద్రోయినట్టు యాక్టింగ్ సేసీ సేసీ అలిసిపోనాను,” అన్నాడు.

మీటరును అతని దిండు మీద పెట్టాను. పందొమ్మిది. రోడ్డుకు అందుతున్న వెలుతురులో దాదాపు ఐదింట నాలుగు వంతులు ఒక మనిషి కనురెప్పల మీద పడుతోంది. పుస్తకం తెరిచి, అంతకుముందు రాసిన వాక్యాన్ని కొట్టేశాను.

సంగతి కాలనీ కమిటీ కార్యదర్శి దత్తా బాబుకు తెలిసింది. “ఆలో కొమాబేన్ నా, దాదా,” అని బెంగాలీలో అంటూ వచ్చాడు. వెలుతురు తగ్గించవద్దని. ఆయన మాటా కాదనలేనిదే. వాళ్లమ్మాయి రోజూ ఎనిమిదింటికి ఆ దారినే ట్యూషన్ నుంచి ఒంటరిగా వస్తుంది.

ఏప్రిల్ 21న దీపాన్ని నేలకు సమాంతరంగా దించాం. పాత రేకు బోర్డు కోసి, లోపలి వైపు తెల్లరంగు వేసి, కిటికీ వైపు గొడుగులా బిగించాం. సాయంత్రం దత్తా బాబును స్తంభం కింద నిలబెట్టి చేతికి వార్తాపత్రిక ఇచ్చాను. నాలుగు వరుసలు చదివి తలెత్తాడు.

“ఆలో తో బెడే గేఛే!” వెలుతురు పెరిగిందే, అని ఆశ్చర్యపోయాడు. రోడ్డు మీద మీటరు ఇరవై ఏడు చూపుతోంది. ఇన్నాళ్లూ ఆకాశానికీ అప్పారావుకూ పోయినదాంట్లో కొంత దారికి దక్కింది.

ఎనిమిది గంటల పది నిమిషాలకు మేడెక్కాను. నారాయణమ్మ తలుపు దగ్గరే పెదవుల మీద వేలుంచి ఆపింది. కిటికీ రెక్కలు బార్లా తెరిచి ఉన్నాయి. చెప్పులు విడిచి లోపలికి వెళ్లి, అప్పారావు చెవి పక్కన దిండు మీద మీటరు పెట్టాను. ఒకటి. అతను చిన్నగా గురక పెట్టాడు.

“రాసుకున్నారా బాబూ?” అంది ఆమె గుసగుసగా. “ఇంక ఎల్లండి. మీ పెన్ను సప్పుడుకి నేచిపోతాడు.”

మెట్ల మీద నిలబడి అంకె రాశాను. పక్కనున్న రిమార్కుల గడిలో అంతవరకూ ఎన్నడూ రాయని మాట ఒకటి రాశాను: ‘నివాసి నిద్రపోతున్నారు.’

మిగిలిన పదమూడు దీపాలనూ ఎవరూ అడగకముందే మే నెలలో అలాగే నేలకు సమాంతరంగా దించాం. అంకె అబద్ధమాడదని ఇప్పటికీ నమ్ముతాను. అయితే మీటరు ఎక్కడ పెట్టాలో మీటరుకు తెలియదు. 2004లో పదవీ విరమణ చేసేదాకా ప్రతి స్తంభానికీ రెండు రీడింగులు తీశాను, ఒకటి దారి మీద, రెండోది దగ్గరి కిటికీ లోపల. రెండోదాని కోసం ప్రతిసారీ తలుపు తట్టి, ఇక్కడ ఎవరు పడుకుంటారు, ఎన్నింటికి పడుకుంటారు అని అడగాల్సి వచ్చేది. ఆ ప్రశ్న నేను చదివిన ఏ మాన్యువల్‌లోనూ లేదు.