తోడు ముక్క

గరివిడిలో మా చిన్న ఉక్కు కార్ఖానా ఇప్పుడు లేదు. ఆ దారిన బస్సులో పోయినప్పుడల్లా కొలిమి మేస్త్రి జగన్నాధం బాబాయే గుర్తొస్తాడు. నేనక్కడ లోహాలు పరీక్షించే కెమిస్టుని. నాకు నోటి దురుసు, ఆయనకు మొండితనం. అందుకేనేమో ఇద్దరికీ బాగా పొసిగింది. ఆయన భార్య నారాయణమ్మ పంపే చేపల పులుసులో సగం నాకే పెట్టేవాడు. ముక్కలు మాత్రం ఏరుకుని తనే తినేవాడు.

బాబాయికో ఆచారం ఉండేది. పాలల్లో తోడు వేసినట్టు, కొలిమిలో కరిగించే ప్రతి కొత్త కరుగులోనూ వెనకటి కరుగు నుంచి దాచిన చిన్న ముక్క ఒకటి వేసేవాడు. ఆయనకు పని నేర్పిన మేనమామ గంగులు పెట్టిన ఆచారమది. గంగులు పోయి చాలా కాలమైంది.

"మావ పోసిన ఉక్కు ఇసుమంతైనా ఇందులో ఉంటాది పాపా. ఆ మనిషి లేకండా నేనెప్పుడూ కొలిమి ఎలిగించనేదు," అనేవాడు.

"ఇన్నాళ్లకి మీ మావ పులిసిపోయుంటాడు బాబాయ్," అని నేను ఏడిపించేదాన్ని. మామూలు ఉక్కుకి ఆ చిటికెడు వల్ల వచ్చే నష్టమేమీ లేదు.

2014లో ఒక పరిశోధనశాల మాకో పని ఇచ్చింది. సూర్యుడిలో జరిగినట్టే పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి తీసే రియాక్టర్లకు గోడ ఉక్కు కావాలి. లోపలి నుంచి దూసుకొచ్చే న్యూట్రాన్లు తగిలి ఏ ఉక్కైనా రేడియోధార్మికమైపోతుంది. మా మామూలు ఉక్కులో ఉండే మాలిబ్డినం, నయోబియం లాంటివి అందులో ఉంటే ఆ పీడ వేల ఏళ్లు వదలదు. వాటికి బదులు టంగ్‌స్టన్, టాంటలం వేస్తే ఒక నూరేళ్లలో చాలావరకు చల్లబడుతుంది. ఇదంతా చెబితే బాబాయ్, "అయితే అరసవల్లి సూర్యనారాయణ సామికి మనం పొయ్యి కడతన్నామన్నమాట," అని మురిసిపోయాడు. రిటైరయ్యేలోపు ఈ ఉక్కు తన చేతి మీదుగా పోవాలని ఆయన కోరిక.

మొదటి కరుగు నమూనా చూస్తే మాలిబ్డినం కనబడింది. దినుసులన్నీ మళ్లీ పరీక్షించాను. అన్నీ శుభ్రమే. లోహం కరిగించే మూస కూడా కొత్తదే. ఎవడి నిర్వాకమిదని అరుచుకుంటూ కొలిమి దగ్గరికి పోయాను. బాబాయ్ తల దించుకున్నాడు.

"నేనే మావ ముక్క ఏసీసాను పాపా. ఎప్పుడూ ఏసీదే కదా, సెయ్యి దానంతటదే ఎల్లిపోనాది."

ఆ మొహం చూశాక నా కోపం నిలవలేదు. పరిశోధనశాల వాళ్లు ఇంకొక్క అవకాశం ఇచ్చారు. కానీ ఇకమీదట ఆ కొలిమి ఈ రకం ఉక్కుకే ఉండాలని, పాత లోహం రవ్వ కూడా అందులో పడకూడదని షరతు పెట్టారు. యజమాని సరేనన్నాడు. మాకున్నది ఆ ఒక్క కొలిమే. అంటే గంగులు అక్కడితో ఆగిపోవాలి.

"ఇష్టం లేకపోతే మానేద్దాం బాబాయ్, యజమానితో నేను మాట్లాడతాను," అన్నాను. పైపై మాట కాదు, మనసులోంచే అన్నాను.  ఆయన ఆ పూట అన్నం క్యారేజీ విప్పలేదు.

మర్నాడు తలంటుకుని, పైడితల్లి అమ్మవారి బొట్టు పెట్టుకుని వచ్చాడు. దినుసులు ఒక్కొక్కటే మూసలోకి దించాడు. అన్నీ అయ్యాక చెయ్యి చొక్కా జేబు దాకా పోయి ఆగింది. తోడు ముక్క తీసి నా అరచేతిలో పెట్టాడు.

"నువ్వట్టుకో. నా సెయ్యి నా మాట ఇనదు."

కొలిమి మూత తనే బిగించాడు.

సాయంత్రం నమూనా కూడా తనే తెచ్చి నా బల్ల పక్కన నిలబడ్డాడు. టంగ్‌స్టన్, టాంటలం ఉండవలసినంత ఉన్నాయి. మాలిబ్డినం, నయోబియం మా మిషనుకి అందనంత తక్కువ. ఉక్కు పనికొస్తుందని చెప్పాను. ఆయన కదల్లేదు.

"మా గంగులు మావ ఎక్కడా కనబళ్లేదా పాపా?"

"లేడు బాబాయ్."

"అయితే మంచిదే," అని తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.