మహానంద పోసిన నల్ల ఇంకు

మా చిన్నతనంలో ఒక శనివారం మధ్యాహ్నం... నారాయణఖేడ్ బడి వరండాలో నేనూ మహానందా ఎదురెదురుగా కూర్చుని ఒకరి పెన్నులో ఒకరం నల్ల ఇంకు పోసుకున్నాం.

అప్పట్లో మా ఊరి దుకాణాల్లో ఎప్పుడు అడిగినా నీలం ఇంకే ఉండేది. నల్లది కావాలంటే ఎవరో ఒకరు బయటి నుంచి తేవాలి. నా సీసా నాన్న జహీరాబాద్ నుంచి తెచ్చారు. మహానందది వాళ్ళ మామ బీదర్ నుంచి తెచ్చాడు. వాళ్ళది బట్టల దుకాణం, ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్ళు. తొమ్మిదో తరగతిలో చక్కటి చేతిరాత ఎవరిదంటే మా ఇద్దరి పేర్లే చెప్పేవాళ్ళు... ఎవరి పేరు ముందు చెప్పాలన్న దగ్గరే తగువు.

వార్షికోత్సవం దగ్గర పడింది. ప్రశంసాపత్రాల మీద పిల్లల పేర్లు నల్ల ఇంకుతో రాయాలి.

"సోమవారం ఇద్దరు రాసి సూపెట్టుండ్రి. మంచిగ రాసినోళ్లకు ఇస్త" అన్నారు తెలుగు సారు.

అందుకే ఆ శనివారం మహానంద ఆ మాట తెచ్చింది. "నీది చిక్కగుంటది, నాది జల్ది ఆరుతది. రెండు గల్పుకుందాం."

నాకూ బాగానే అనిపించింది. పెన్నుల్లో సగం నాది, సగం తనది పోసుకున్నాం. చాలక, ఖాళీ దగ్గుమందు సీసాల్లో కొంచెం కొంచెం పోసి ఒకరి ఇంకు ఒకరికి ఇచ్చుకున్నాం కూడా.

సోమవారం సారు ముందు నా పెన్ను రెండక్షరాలు రాసి ఆగిపోయింది. విదిలించాను... పాళీని గోటితో గీకాను... లాభం లేదు. పక్కనే మహానంద ఒక వరుస మొత్తం రాసింది. తర్వాత తనదీ ఆగింది.

నాకు మాత్రం అది నటన అనిపించింది.

"ఏందమ్మా, ఇద్దరి పెన్నులు ఒక్కపారే మొరాయించినయా? గురువారం దాంక సూస్త. లేకుంటె వేరేటోళ్లకిస్త" అన్నారు సారు.

ఇంటికొచ్చి చెబితే, అమ్మ చేటలో కందిపప్పు చెరుగుతూ తలెత్తకుండానే అంది. "ఉత్తగనే ఎవరన్న ఇంకు ఇస్తరా? ఏమన్న గలిపి ఉంటది."

ఆ మాటతో ఒక్కొక్కటీ గుర్తుకు రావడం మొదలైంది... పోసేటప్పుడు కాస్త అటు ఎందుకు తిరిగింది? నా పెన్ను మూత తనే ఎందుకు బిగించింది? అసలు కలుపుదామన్నది తనే కదా...

మరునాడు మాటల్లేవు. పైగా మంచినీళ్ళకు లేచినా తను పెన్ను వెంట తీసుకుపోయింది. అంటే, నేను దొంగనా?

తన తప్పు రుజువు చేద్దామని ఆ సాయంత్రం తనిచ్చిన దగ్గుమందు సీసా ముందు పెట్టుకున్నాను. విడి పాళీ ఒకటి ఉంటే ముంచి రాశాను. హాయిగా రాసింది. అయినా నా అనుమానం పోలేదు... పెన్నులో పోసింది వేరే ఇంకేమో! నా ఇంకు ముంచి రాశాను. అదీ బాగుంది. చివరికి రెండూ ఒక మూతలో కలిపి అటక మీద పెట్టాను.

పొద్దున చూస్తే అడుగున చాయ్‌పత్తిలా గసి. పైన పల్చటి నీళ్ళు.

బుధవారం బడి అయ్యాక ఆ మూత పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ అవ్వ తలుపు తీసి "యారవ్వా?" అంది... ఎవరమ్మా అని. నేను నోరు తెరిచేలోపే లోపలి నుంచి మహానంద వచ్చింది.

"దాంట్ల ఏం గలిపినవ్ సుజాతా? చెప్పు."

నేను అడగాలని వచ్చిన మాట అది!

"మా మామ వాసన జూసిండు. బొగ్గుపొడి గలిపిందేమో అన్నడు" అంది తను.

మూత చూపించాను. ఏమీ కలపలేదనీ, రెండు ఇంకులకూ ఒకదానికొకటి పడటం లేదనీ చెప్పాను. నమ్మలేదు.

"ఇంటికాడ చేస్కొచ్చినవ్. నా ముంగట కావాలె" అంది. నన్ను చేతులు వెనక్కి పెట్టుకోమని, తన సీసాలోంచీ, నేనిచ్చిన దగ్గుమందు సీసాలోంచీ తనే ఒక గిన్నెలో పోసింది. దాన్ని తన దగ్గర ఉంచడానికి నేను ఒప్పుకోలేదు, నాకివ్వడానికి తను ఒప్పుకోలేదు. అవ్వ పక్కన పెట్టాం.

గురువారం పొద్దున్నే పరుగెత్తాను. అవ్వ గిన్నె వంచి చూపించింది. అదే గసి. "ఎరడూ ఛలో అవ" అని నవ్వింది... రెండూ మంచివేనట.

మహానంద గిన్నె అందుకుని తనూ వంచి చూసింది. తర్వాత, "ఇగ ఏదన్న ఒక్కటే పట్టుకోవాలె" అంది.

కాగితం మీద నా ఇంకుతో తన పేరు, తన ఇంకుతో నా పేరు రాశాం. ఆరాక తడివేలితో రుద్దాం. మహానంద పేరు పొగలా చెదిరిపోయింది. నా పేరు అలాగే ఉంది... కాస్త బూడిదరంగు అంతే.

"అయినా నీదే మస్తు నల్లగుంది" అంది తను. ఎందుకు పొగుడుతోందా అని ముఖంలోకి చూశాను. పొగడ్త కాదు, నిజంగానే నాది నల్లన. కానీ నిలిచేది బీదర్ ఇంకు. అదే తీసుకున్నాం.

గోరువెచ్చటి నీళ్ళలో పెన్నులు నాననిచ్చి, కడిగి, అదొక్కటే పోసుకుని బడికి పరుగెత్తాం. సారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, ఆడపిల్లల పేర్లు నాకు, మగపిల్లలవి తనకు పంచేశారు.

మహానంద ఇప్పుడు బీదర్‌లోనే ఉంటోంది. ఫోన్ చేస్తే ముందు కన్నడంలో పలకరిస్తుంది, తర్వాత మన తెలుగులోకి దిగుతుంది. ఆ ఇంకు మాత్రం ఎక్కడా దొరకడం లేదు.

ఇప్పుడు మనిషి మీద అనుమానం వస్తే మనం ఎవరి తలుపూ తట్టడం లేదు... మెల్లగా మాటలు తగ్గించేస్తాం. ఎందుకు తగ్గాయో వాళ్ళకు తెలియదు... తెలుసుకోవడానికి వాళ్ళూ రారు.

ఎదురుగా వెళ్ళి అడిగి నిలబెట్టుకున్న స్నేహం మీకూ ఒకటి ఉండే ఉంటుంది... దాని గురించి రాయండి, చదవాలని ఉంది.