ఏనుగు చెవి మీద గాటు

షామీర్‌పేటలో పాత బొమ్మలు కొనే పెద్దాయన కళ్లు మూసుకుని, బొటనవేలితో తడిమి ఏ బొమ్మ ఎంత అరుదో చెప్పేవాడు. ఒకప్పుడు టూత్‌పేస్టు డబ్బాల్లో ఉచితంగా వచ్చిన పసుపు ఏనుగును అమ్ముదామని ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. నేనెరిగిన వాళ్లలో ఇద్దరి దగ్గరే ఉందని లెక్కేసి, అరుదైనదేనని ముందే తేల్చుకున్నాను. చెవి మీది పంటి గాటు ఒక్కటే లోపం.

"కాకా, శాండ్‌పేపర్‌తో రుద్దెయ్యనా?"

ఆయన బొటనవేలు గాటు దగ్గర ఆగింది. "ఎవరు కొరికిన్రు?"

"మా చెల్లెలు. చిన్నప్పుడే పోయింది."

"లెక్కలైతే మస్తు చేస్తవ్ బిడ్డా! గిసొంటి ఏనుగు ఎన్నడన్న ఇంకోటి దొర్కుతది. గీ గాటు యాడ దొర్కుతది?" అంటూ బొమ్మను నా చేతిలో పెట్టి గుప్పిట మూశాడు.

ఆయన పుణ్యమా అని, ఇప్పటికీ నా బొటనవేలు ఆ గాటు దగ్గరే ఆగుతుంది.