నవంబరు దాకా ఆగని మనిషి

మా దైవాశీర్వాదం అన్నయ్యకి "ఇప్పుడు కాదు" అన్న మాట పడదు. ఎవరైనా అన్నారా, వెంటనే చెయ్యి మెడ దగ్గరికి పోయి టై బిగిస్తుంది. చికాగో పక్కన మా షామ్‌బర్గ్‌లో మంచు కరగకముందే గోంగూర విత్తనాలు చల్లేవాడు. జూలై ఎండలో మా తెలుగు సంఘంలో క్రిస్మస్ పాట ఎత్తుకునేవాడు. పాస్టరుగారు వారిస్తే, "అయ్యా, ప్రభువు పుట్టాడన్న సంతోషం డిసెంబరుకేనా?" అనేవాడు. పాస్టరుగారూ గొంతు కలిపేవారు.

అలాంటి మనిషి ఎనభై తొమ్మిది జూన్‌లో మా ఫ్యాక్టరీలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ ఆఫీసుకి వెళ్ళి, హెల్త్ ఇన్సూరెన్స్‌లోంచి తన పేరు కొట్టెయ్యమన్నాడు.

"నవంబరులో రండి. చేరాలన్నా మానాలన్నా ఆ నెలే," అంది ఆ ఆఫీసు చూసే మిసెస్ హాలరన్.

"నాకు ఆగస్టు ఆఖరులోపు కావాలి."

"ఇప్పుడు కాదు."

టై బిగిసింది.

ఇక ప్రతి శుక్రవారం లంచ్ బెల్ మోగగానే ఆ ఆఫీసుకే ప్రయాణం. సాక్షిగా నేను.

"మధ్యలో మానాలంటే ఇంట్లో ఏదైనా మారాలి. విడాకులో, బిడ్డో..."

"బైబిల్లో శారమ్మకి తొంభయ్యేళ్ళకి బిడ్డనిచ్చిన దేవుణ్ణి నేను తొందరపెట్టలేనమ్మా. విడాకులంటే లూసీ నాకు అన్నం పెట్టదు."

"అయితే నవంబరే."

"పరలోకం తలుపు తట్టినా ఇలాగే అంటారా?"

"నా ఉద్యోగం అక్కడ కాదు, మిస్టర్ డైవా!"

ఫ్యాక్టరీలో అందరూ పిసినారి అన్నారు. ఉండబట్టలేక ఓరోజు కారులో అడిగాను. "అన్నయ్యా, రేపు ఒంట్లో బాగోకపోతే? ఎందుకీ మొండితనం?"

"డ్రైవ్ చేస్తున్నాను తమ్ముడూ, మాట్లాడించకు." అప్పటికి రెడ్ లైట్ దగ్గర ఆగి ఉన్నాం.

ఆగస్టు నడిమికి ఇన్సూరెన్స్ పుస్తకం చేతబట్టుకు వెళ్ళాడు. బైబిల్‌కి గీసినట్టే ఎర్ర పెన్సిలుతో గీతలు. భార్య పార్ట్‌టైమ్ నుంచి ఫుల్‌టైమ్ అయితే మధ్యలోనూ మానవచ్చునట! నర్సు లూసీ వదిన ఆ వారమే ఫుల్‌టైమ్ అయింది. ఆవిడ హాస్పిటల్ ఇన్సూరెన్స్‌లోనే ఇద్దరూ చేరారు. మిసెస్ హాలరన్ ఆ పేజీ రెండుసార్లు చదివి, నిట్టూర్చి, స్టాంపు గుద్దింది.

నెలాఖరున జీతం అందిన సాయంత్రం పోస్టాఫీసు ముందు కారు ఆపాడు. ఆయన జేబులోంచి జారిన కవరు అందుకున్నాను. చేరాల్సింది ఓ ఇన్సూరెన్స్ కంపెనీకి, రాత అన్నయ్యది, పంపినవారి పేరు మాత్రం నవోమిది.

నవోమి మా సంఘం పిల్ల. ఏప్రిల్‌లో భర్త పోయాడు, కూతురికి ఉబ్బసం. ప్రీమియం మొత్తం తనే కట్టుకుంటే భర్త కంపెనీ ఇన్సూరెన్స్ కొనసాగుతుంది. ఆగస్టులోపు కట్టడం మొదలుపెట్టకపోతే అదీ పోతుంది. అన్నయ్య జీతంలో తన ఇన్సూరెన్స్ కోత ఆగితేగాని అది కట్టడం ఆయన వల్ల కాదు. వదిన ఫుల్‌టైమ్ ఎందుకయిందో అప్పుడు తెలిసింది నాకు.

"ఆ పిల్లకి చెప్పకు. సంఘం ఫండ్‌లోంచి కడుతున్నామన్నాను."

"మనకి ఫండ్ ఎక్కడిది అన్నయ్యా? ఇప్పుడైతే లేదు కదా!"

చెయ్యి టై దగ్గరికి పోయింది. నేను గబగబా దిగి కవరు డబ్బాలో వేసి వచ్చాను.

నవంబరులో మిసెస్ హాలరన్ ఫారం పట్టుకుని తనే మా మెషీన్ల దగ్గరికి వచ్చింది. "తలుపు తెరిచాం మిస్టర్ డైవా. మళ్ళీ చేరతారా?"

అన్నయ్య తీరిగ్గా టై వదులు చేసుకున్నాడు.

"ఇప్పుడు కాదు," అన్నాడు.